పిన్ని దగ్గరే ఉంటాను

మా ఆయన కూతురు నన్ను ఏమీ అనదు.

ఈ మాట లాండ్రీ దుకాణంలో చెబితే నాతో పాటు ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. సవతి కూతురు పల్లెత్తు మాట అనకపోవడమా, రాసిపెట్టి ఉండాలమ్మా అన్నారు. వాళ్ళకి విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఏమీ అనదంటే నిజంగానే ఏమీ అనదు. అమ్మా అనదు, అత్తా అనదు, పిన్నీ అనదు. నాతో పనిపడితే నేనున్న గదిలోకి వచ్చి, నా ముఖం తనవైపు తిరిగేదాకా నిలబడుతుంది. మరీ తొందరైతే "ఇదిగోండి" అంటుంది. దుకాణంలో కోట్లు ఇచ్చిపోయేవాళ్ళు కూడా నన్ను అలాగే పిలుస్తారు.

పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఆ పిల్లని దగ్గర కూచోబెట్టుకుని, "పిన్ని అని పిలువమ్మా" అన్నాడు. పిల్ల కాసేపు ఆలోచించింది.

"నాకు పిన్ని ఉంది కదా నాన్నా."

"ఉంటే ఏం? ఇద్దరున్నారనుకో."

"ఇద్దరికీ ఒకటే పిలుపైతే నేను ఎవరి గురించి చెప్తున్నానో నీకెలా తెలుస్తుంది?"

తనకి మా ఆయన లాయరమ్మ అని పేరు పెట్టింది ఊరికే కాదు. కేసు అక్కడితో కొట్టేశారు. తల్లి చెల్లెలికీ, తండ్రి రెండో పెళ్ళానికీ కలిపి ఒకే మాట సరిపెట్టిన ఆ మహానుభావుడెవరో గానీ, నాకు కనిపిస్తే ఇస్త్రీ పెట్టె పట్టుకుని వెంటపడేదాన్ని. మరకకో మందు ఉంది. టీ మరకకి ఒకటి, రక్తానికి ఒకటి, సిరాకి ఒకటి. మనిషికో మాట పెట్టడానికి ఏం పోయేకాలం వచ్చింది?

ఆ అసలు పిన్ని వేరే ఊళ్ళో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. అక్క పోయినప్పటినుంచీ ఆ పిల్ల మీదే ప్రాణాలు పెట్టుకుని ఉంది. ఎండలు తగ్గి చలి మొదలవుతుండగా ఫోన్ చేసి, పిల్లని తన దగ్గర ఉంచుకుంటానని అడిగింది. ఆస్పత్రి పక్కనే మంచి స్కూలుందట. తనకీ తోడుంటుందట. మా ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. కూతుర్ని పిలిచి, "నాకు చెప్పడం చేతకావట్లేదు తల్లీ. చలికాలం సెలవులు అయిపోయేలోగా నువ్వే ఆలోచించుకుని చెప్పు. నువ్వేదంటే అదే" అన్నాడు. పదమూడేళ్ళ పిల్ల మీద ఇంత బరువు పెట్టాడని నాకు ఒళ్ళు మండింది. కానీ నేనెవర్ని మధ్యలో మాట్లాడ్డానికి?

పిల్ల వెళ్ళకూడదని నాకు ఉంది. చాలా ఉంది. మొదట్లో ఈ ఇంట్లో అడుగుపెట్టింది మా ఆయన కోసమే. పిల్ల సంగతి సర్దుకుపోదాంలే అనుకున్నాను. తర్వాత ఎప్పుడు తిరగబడిందో తెలీదు, పని నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే ముందు ఆ పిల్ల చెప్పులు గుమ్మంలో ఉన్నాయా లేవా అని చూడటం మొదలుపెట్టాను. నేను ఇంట్లో ఇస్త్రీ చేస్తుంటే వచ్చి బల్ల చివర నిలబడి, ఆవిరి పీల్చుకుంటూ, స్కూల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో చెబుతుంది. నా ముఖం చూసి కాదు, నా చేతులు చూసి చెబుతుంది. నేను తలెత్తితే ఆపేస్తుంది. అందుకని తలెత్తకుండా, ఇస్త్రీ అయిపోయిన చొక్కానే మళ్ళీ మళ్ళీ చేసేదాన్ని. అలా మా ఆయన చొక్కా ఒకటి కాల్చాను కూడా.

అందుకే ఈ సెలవులు నాకు పరీక్షలాగే అయ్యాయి. ఇల్లు వదిలి వెళ్ళబుద్ధి కాకుండా చేయాలి, అంతే నాకు తెలిసింది. చలికాలంలో దుకాణంలో ఊపిరాడదు, ఊళ్ళోవాళ్ళ దుప్పట్లూ కోట్లూ అన్నీ మా నెత్తిమీదే ఉంటాయి. అయినా ఓనరు కాళ్ళావేళ్ళా పడి పూటపని అడిగి తెచ్చుకున్నాను. "ఏంటమ్మా, ఇంట్లో శుభకార్యమా?" అన్నాడు. అలాంటిదే అన్నాను.

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. సెలవులిస్తే బస్సుకీ సెలవే. దాన్ని తెచ్చి మా వీధి చివర గోడ పక్కన పెట్టేస్తాడు. పొద్దున్నే లేచే అలవాటు మాత్రం పోదు, ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. ఆయనకి పనులు పురమాయించాను. కిటికీల సందుల్లోంచి చలిగాలి రాకుండా గుడ్డపీలికలు కుక్కాడు. హీటరు దులిపాడు. పిల్ల గదిలో గోడలు చెమ్మకి పెచ్చులూడిపోయి ఉంటే గీకి రంగు వేశాం. రంగు పిల్లే ఎంచుకుంది, లేత పసుపు. ముగ్గురం పాతబట్టలు కట్టుకుని, నెత్తికి గుడ్డలు చుట్టుకుని, ఒకరి పని మీద ఒకరు వంకలు పెట్టుకుంటూ వేశాం. మా ఆయన గోడకంటే తన మీసాలకే ఎక్కువ వేసుకున్నాడు. "నాన్నా, నువ్వు రెండో కోటింగు కూడా వేయించుకుంటావా?" అని పిల్ల అడిగితే నేను నిచ్చెన మీదనుంచి పడబోయాను.

మర్నాడు రంగుదీపాల తీగ బయటికి తీశాం. చిక్కుపడిపోయి ఉంది. పిల్ల నేలమీద కూచుని చిక్కు విప్పుతూ, "మేము ప్రతి చలికాలం దీన్ని వంటింటి కిటికీకి కట్టేవాళ్ళం" అంది. మనం అనలేదు, మేము అంది. తప్పేం లేదు, అప్పుడు నేను లేను కదా. అయినా ఆ 'మేము' నాకు గుచ్చుకుంది. లేచి వెళ్ళి ఓవెన్‌లో కేకు చూశాను. అది మధ్యలో గుంటపడి ఉంది. మా ఆయన వచ్చి తొంగిచూసి, "ఇది మా బస్సు వెనక చక్రం కింద నుంచి తెచ్చావా?" అన్నాడు. పిల్ల పరుగెత్తుకొచ్చి చూసి నవ్వింది. గుంటలో జామ్ పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చింది. పోశాం. చెంచాలతో తవ్వుకుని తిన్నాం. ఆ సాయంత్రం నేను చాలా బాగున్నాను, అది ఒప్పుకోవాలి.

పిల్ల మాత్రం ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. నర్సు సెలవుల చివర్లో వచ్చి నాలుగురోజులు ఉంటానంది. ఆవిడ వచ్చేలోగా చెబుతుందని నేను, ఆవిడ వచ్చాక చెబుతుందేమోనని మా ఆయన, ఇద్దరం లోపల లోపల ఉడికిపోతున్నాం. అడగడానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

ఆ మర్నాడు పూటపని ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. మా ఆయన కూరగాయలకి వెళ్ళాడు. బట్టలు ఆరేసే వెనక వరండాలో పిల్ల ఎవరో స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుతోంది. నేను వంటింట్లో బకెట్టు పట్టుకుని ఉన్నాను. వినాలని వినలేదు. కానీ తలుపు తీసే ఉంది, పిల్ల గొంతు మామూలుగానే గట్టిది.

"లేదే, నాన్నకి ఇంకా చెప్పలేదు. కానీ నాకు తెలిసిపోయింది. నేను పిన్ని దగ్గరే ఉంటాను."

నా చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది.

"పాపం పిన్ని రోజంతా నిలబడే పని. సాయంత్రానికి కాళ్ళు వాచిపోతాయి. చేతులు చూస్తే ఏడుపొస్తుంది తెలుసా, సబ్బునీళ్ళకి అన్నీ పగుళ్ళే. అయినా నాకోసం గది సర్దుతోంది. నేనంటే ప్రాణం పిన్నికి. పైకి చెప్పదు. నేను లేకపోతే పిన్నికి ఎవరున్నారే?"

నేను బకెట్టు బోర్లించి దానిమీద కూచున్నాను. నా చేతులు చూసుకున్నాను. పగుళ్ళు. నా కాళ్ళు చూసుకున్నాను. వాపు. లేత పసుపు రంగు ఇంకా గోళ్ళ సందుల్లో ఉంది. ఈ పిల్ల నన్ను ఎదురుగా పిలవలేక, నా వెనక పిలుస్తోంది. స్నేహితురాలి దగ్గర నేను పిన్నిని. సిగ్గుపడి నా ముందు అనట్లేదంతే. ఇన్నాళ్ళూ నేను ఏడ్చిన ఏడుపంతా ఈ మాట కోసమే. అది ఇక్కడే, తలుపు అవతల ఉందన్నమాట. కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ ఏడ్చాను.

మా ఆయన సంచితో లోపలికి రాగానే చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయాను.

"ఉంటానంది."

"ఎవరు?"

"ఇంకెవరు! మన లాయరమ్మ. పిన్ని దగ్గరే ఉంటానని ఫ్రెండుకి చెప్తోంది. నా చెవులారా విన్నాను. నన్ను పిన్ని అందయ్యా!"

ఆయన సంచి కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. "నిజంగా?" అన్నాడు. "వెళ్ళదా?" అన్నాడు. టమాటాలు మంచం కిందికి దొర్లిపోతున్నాయి. మా ఆయన ఏడవటం నేను అప్పుడే చూశాను. నా ముందు ఇన్ని నెలలు ఎలా దాచుకున్నాడో. ఇద్దరం మంచం కింద దూరి టమాటాలు ఏరుకుంటూ, దొంగల్లా నవ్వుకున్నాం. పిల్ల తనంతట తను చెప్పేదాకా ఏమీ ఎరగనట్టే ఉండాలని ఒట్లు పెట్టుకున్నాం.

ఆయన ఉన్నాడు. నేనే ఉండలేకపోయాను. కళ్ళు నెత్తికెక్కితే మనిషి ఎలా ఉంటుందో అలా ఉన్నాను. దుకాణంలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా అమ్మాయి" అంటూ మొదలుపెట్టాను. ఓనరు కోటుకి కూడా పాటపాడుతూ ఇస్త్రీ చేశాను. పిల్ల గదికి కొత్త తెర కుట్టాను. ఇక ఎప్పటికీ ఉండే పిల్ల కదా, అలమరలో నా శాలువాలు ఉన్న అర కూడా ఖాళీచేసి ఇచ్చేశాను. "ఇది కూడా ఎందుకండీ?" అంది. పెద్దయ్యాక కావాలిలే అన్నాను. పిల్ల ఏదో చెప్పబోయి ఆగింది. సిగ్గనుకున్నాను. నాకు అప్పుడు ప్రపంచంలో ప్రతిదీ సిగ్గులాగే కనిపిస్తోంది.

రెండురోజుల్లో నర్సు వస్తుందనగా దుప్పట్లన్నీ ఉతికి వరండాలో ఆరేశాను. ఎండ బాగా కాసింది. పెద్ద పక్కదుప్పటి ఒక్కరివల్ల మడత పడదు. అటు ఒకరు రెండు కొసలు, ఇటు ఒకరు రెండు కొసలు పట్టుకుని గట్టిగా లాగి, ఒకరివైపు ఒకరు నడవాలి. చేతులు తగిలిన చోట కొసలు మారతాయి. ఆ పని ఎప్పుడూ పిల్లా నేనే చేస్తాం. చేతులు తగిలే ఆ ఒక్క క్షణం కోసం, ఉతకక్కర్లేని దుప్పట్లు కూడా ఉతికిన రోజులున్నాయి.

పిల్ల లోపల గుమ్మానికి వీపుపెట్టి కూచుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. నేను రెండు కొసలు పట్టుకుని నిలబడ్డాను. మామూలుగా అయితే తను చూసేదాకా ఆగేదాన్ని. ఆ రోజు నాకు ధైర్యం పొంగుకొచ్చింది. తనకి అనడానికి సిగ్గైతే నేనే మొదలుపెడదాం, నేనంటే తనూ అంటుంది అనుకున్నాను.

"ఇదిగో లాయరమ్మా, లే. పిన్నికి ఓ చెయ్యి సాయం పట్టు."

పిల్ల ఒక్క ఉదుటున లేచింది.

"పిన్ని వచ్చేసిందా?"

నేను జవాబు చెప్పేలోగానే వీధి తలుపు వైపు పరుగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు. "చెప్పనేలేదు! రెండ్రోజులుందిగా!" అని మెట్లమీద గొంతు, దబదబ అడుగులు. "పిన్నీ! ఆగు, బ్యాగు నేను పట్టుకుంటా! పిన్నీ!"

ఆ పిల్ల గొంతులో అంత వేగం నేను ఎప్పుడూ వినలేదు. కింద వీధి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను దుప్పటి రెండు కొసలు పట్టుకుని అలాగే ఉన్నాను. అవతలి కొసలు నేలమీద పడి ఉన్నాయి. అంతా ముందే తెలిసినట్టు, ఎవరో చెప్పకుండా దాచినట్టు అనిపించింది. రోజంతా నిలబడే పని. సబ్బునీళ్ళకి పగిలిన చేతులు. నర్సులు రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటారో నాకు తెలియదా? గది సర్దుతోందంటే ఆవిడా అక్కడ సర్దుతోంది.

పిల్ల నెమ్మదిగా మెట్లెక్కి వచ్చింది. పాదాలకి మట్టి. గుమ్మంలో నిలబడి నావైపు చూసింది, మొదటిసారి చేతులు కాదు, ముఖం చూసింది. తెలివైన పిల్ల. నేను నోరు విప్పక్కర్లేకపోయింది.

"మీరు... పిన్ని అన్నది మీ గురించేనా?"

"ఏదోలే. నోరు జారింది. పట్టు, దుప్పటి మాసిపోతుంది."

వచ్చి కొసలు పట్టుకుంది. లాగాం. నడిచాం. చేతులు తగిలాయి. పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. వదల్లేదు.

"మొన్న నేను ఫోన్‌లో మాట్లాడింది విన్నారా?"

"విన్నాను."

"అందుకేనా తెర కుట్టారు? అలమర కూడా..." అని ఆగిపోయింది. కిందిపెదవి కొరుక్కుంది. "నాన్నకి చెప్పేశారా?"

తల ఊపాను.

"మీమీద కోపమేం లేదండీ నాకు," అంది. వాదించేటప్పుడు ఉండే గొంతు కాదది. "మీరు మంచివాళ్ళే. పిన్ని తుమ్మితే అమ్మ తుమ్మినట్టే ఉంటుంది. పక్కగదిలో ఉండి వింటే ఇంక తేడానే తెలీదు. అందుకే అండీ."

దీనికి నేను ఏం చెప్పాలి? కేకులో గుంటైతే జామ్ పోసి పూడ్చవచ్చు. గోడకి రంగు వేయవచ్చు. ఇంకొకరిలా తుమ్మడం నేను ఎక్కడ నేర్చుకోను? ఆ క్షణాన నామీద నాకే అసహ్యం వేసింది, ఆ పోయినావిడ మీద అసూయ పుట్టింది. పోయినవాళ్ళ మీద అసూయపడే దిక్కుమాలిన బతుకు నాదేనేమో.

పిల్ల దుప్పటి మడత నా చేతిలో పెట్టి, కాసేపు నేల చూసి, "మిమ్మల్ని కూడా పిన్ని అని పిలవనా?" అంది. "వెళ్ళేదాకా. పర్లేదు నాకు."

జాలిపడి అన్నదే. మంచి మనసుతో అన్నదే. నేను రెండేళ్ళు ఎదురుచూసిన మాట, పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు ఇస్తోంది. తీసుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

"వద్దులేమ్మా," అన్నాను. "అలవాటైపోతుంది. తర్వాత ఎవరు పిలుస్తారు?"

"సరేనండీ," అంది.

మా ఆయన వీధి చివర బస్సు కడుగుతున్నాడు. సెలవుల్లో దాన్ని కడగక్కర్లేదు, ఆనందం పట్టలేక కడుగుతున్నాడు. ఈలవేస్తున్నాడు. లోపల సీట్లు తుడవడానికి ఎక్కినప్పుడు నేనూ ఎక్కాను. చిన్నపిల్లల సీట్లు, మోకాళ్ళు పట్టవు. అడ్డంగా కూచుని చెప్పాను.

"నేను తప్పు విన్నాను."

"ఏంటి?"

"పిన్ని అంటే నేను కాదు. వాళ్ళ పిన్ని."

ఆయన చేతిలో తడిగుడ్డ పిండుతూ ఉండిపోయాడు. నీళ్ళన్నీ ఎప్పుడో కారిపోయాయి, ఇంకా పిండుతున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఏ పిన్ని అని అప్పుడే అడగాల్సింది," అన్నాడు చివరికి.

"ఎవర్ని అడగను? ఏమని అడగను? నేనేనా అని అడగమంటారా?"

తప్పు నాదని నాకు తెలుసు. పిల్ల వెళ్ళిపోతుందన్న దిగులుకి ఆయన మెల్లమెల్లగా సిద్ధపడుతున్నాడు. మధ్యలో నేను దూరి, వెళ్ళదని చెప్పి, ఆ దిగులంతా తీసేశాను. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి పడాలి. ఆయన డ్రైవరు సీట్లోకి వెళ్ళి కూచున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగోడ చూస్తూ ఉన్నాడు. నేను దిగి వచ్చేశాను.

నర్సు చెప్పిన రోజుకే వచ్చింది. ఈసారి పిల్ల పరుగెత్తలేదు. నావైపు ఒకసారి చూసి, మామూలుగా నడిచి కిందికి వెళ్ళింది. నామీద ఆ పిల్ల చూపిన దయల్లో అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆవిడని తిట్టుకుందామని శతవిధాలా ప్రయత్నించాను. తిట్టుకునేలా లేదు. వస్తూనే చెప్పులు విప్పి వంటింట్లోకి వచ్చి, "అక్కా, ఏం చెయ్యమంటావు?" అంది. నా చేతులు చూసి, సంచిలోంచి ఏదో పూతమందు తీసి, తనే కూచుని వేలు వేలుకీ రాసింది. ఆవిడ చేతులూ అలాగే ఉన్నాయి. నాలుగు పగిలిన చేతులు ఒకచోట. అక్కా అని ఎంత సులువుగా అందో! ఆవిడకి ఉన్నది ఒక్క అక్క. ఆ అక్క పోయింది. ఆ చోటు నాకు తీసి ఇచ్చేసింది, అడక్కుండానే. ఆ పిలుపుకి నేను పలికాను. కానీ నాకు కావాల్సింది అది కాదు, ఇంకొకరి నోటినుంచి ఇంకొకటి కావాలి.

నాలుగురోజులు మా ఇల్లు కళకళలాడిందని చూసినవాళ్ళెవరైనా చెబుతారు. కిటికీకి దీపాలు వెలుగుతున్నాయి. పేకాడుకున్నాం. నర్సు ఆస్పత్రి కబుర్లు చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు, నవ్వీనవ్వీ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఇంకో కేకు చేశాను, ఈసారి గుంట పడలేదు, బాగా పొంగింది. ఎవరూ చెంచాలతో తవ్వలేదు. ముక్కలు కోసి పళ్ళేల్లో పెడితే మర్యాదగా తిన్నారు. ఒకసారి పక్కగదిలోంచి నర్సు తుమ్మింది. పిల్ల పేకముక్కలు పట్టుకుని కళ్ళు మూసుకుంది. మా ఆయన కూడా తలెత్తి ఆ గది గుమ్మం వైపు చూశాడు. నేను ముక్కలు పంచుతున్నదాన్ని పంచుతూనే ఉన్నాను.

రోజంతా ఇంట్లో పిన్నీ పిన్నీ అని వినబడుతూనే ఉంటుంది. మొదటిరోజు నాలుగైదుసార్లు నా తల దానంతట అదే తిరిగింది. తర్వాత తిరగకుండా మెడ బిగపట్టడం నేర్చుకున్నాను. సాయంత్రానికి మెడ పట్టేసేది.

సెలవులు అయిపోయాయి. మా ఆయన పొద్దున్నే బస్సు తీయాలి. గుమ్మంలోనే కూతుర్ని వాటేసుకుని, "నా బస్సులో ఒక సీటు ఖాళీ లాయరమ్మా" అన్నాడు. జోకు అనుకుని మొదలుపెట్టాడు, పూర్తయ్యేసరికి అది జోకులా లేదు. పిల్ల "వెళ్ళొస్తా నాన్నా" అంది. ఆయన గబగబ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బస్‌స్టాండుకి నేనే వెళ్ళాను.

చలికి ఊపిరి పొగలా వస్తోంది. సెలవులనుంచి తిరిగివెళ్ళేవాళ్ళతో బస్‌స్టాండు కిటకిటలాడుతోంది. సామాను డిక్కీలో పెట్టించాం. నర్సు మంచినీళ్ళ సీసాకి దుకాణం దగ్గరికి వెళ్ళింది. పిల్లా నేనూ బస్సు తలుపు పక్కన నిలబడ్డాం. స్వెట్టరు గుండీ ఒకటి పెట్టుకోలేదు, పెట్టాను. మెడకి మఫ్లరు సర్దాను. చెవులు కప్పుకోమన్నాను. మందు రాసుకోండి అంది నా చేతులు చూస్తూ. రాసుకుంటానన్నాను.

"వెళ్ళొస్తా..." అంది.

ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండాలి. నాన్నా అనో, అమ్మా అనో. పిల్ల నోరు తెరిచి వెతుక్కుంది. నేను ఎదురుచూశాను. వద్దన్నదాన్ని నేనే, అయినా ఎదురుచూశాను. లోపల ఇంజను స్టార్టయింది. కండక్టరు టిక్కెట్లు చూసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చాడు.

"పాపా, ఒక్కదానివే? ఎవరితో వెళ్తున్నావు?"

"మా పిన్నితో," అంది పిల్ల.

కండక్టరు నావైపు తిరిగాడు. మఫ్లరు కొస ఇంకా నా చేతిలోనే ఉంది.

"అలా నిలబడితే ఎలా పిన్నిగారూ? టైమైపోయింది, పాపని తీసుకుని ఎక్కండి, ఎక్కండి."

నా కాలు లేచి బస్సు మెట్టు మీద పడింది. నేను పెట్టలేదు, అదే వెళ్ళింది. పిల్ల నన్ను చూస్తోంది. ప్రతిదానికీ ఏదో ఒక వాదన చెప్పే పిల్ల, ఒక్క మాట అనలేదు. కాదనలేదు, అవుననలేదు. వెనకనుంచి ఎవరో తోసుకుంటున్నారు. దూరంగా నర్సు సీసా పట్టుకుని పరుగెత్తుకొస్తోంది.

"నేను కాదు బాబూ," అన్నాను. "ఆవిడ. అదిగో, వస్తోంది."

కాలు కిందికి దించి, వాళ్ళు ఎక్కడానికి పక్కకి జరిగాను.